గ్రహణం నుంచి చందమామను విడిపించింది నేనే

మా మనవరాలు టీవీలో బొమ్మల కథ చూస్తోంది. అందులో పిల్లలు వింత జంతువులను సాకి పోటీలకు దింపుతారు. నెలవంక లాంటి చెవులున్న తెల్ల జంతువు ఒకటుంది. దాని బలమంతా వెన్నెలేనట. ఇవాళ్టి కథలో గ్రహణం పట్టి అది నీరసపడితే మనవరాలి కళ్లల్లో నీళ్లు. నాకు మా కంకిపాడు ఇల్లు గుర్తొచ్చింది.

మన ఈడు వాళ్లకు తెలుసు కదా, గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టేవాళ్లు. ఆవకాయ జాడీ మీద దర్భ వేసేవాళ్లు. నా చిన్నప్పుడు ఒకసారి గ్రహణం పట్టిన సాయంత్రం మా చెల్లి ఒకటే ఏడుపు.

"నాయనమ్మా, పాము చందమామను ఇంక వదలదా?"

"రోకలి పడిపోగానే వదిలేస్తుందే. ఊరుకో."

అది పడేదాకా ఎవడు కూర్చుంటాడు? కాలితో ఒక్కటి తన్నాను. రోకలి పడింది, నీళ్లన్నీ నాయనమ్మ చీర మీద పడ్డాయి.

"నీ దుంప తెగ! కాసేపు ఆగలేవట్రా?"

ఆవిడ తిడుతుండగానే చందమామ అంచు మెరిసింది. చెల్లి ఏడుపు ఆపి నా చెయ్యి పట్టుకుంది. ఎవరేమన్నా సరే, విడిపించింది నేనే.

ఇప్పటికీ గ్రహణం రోజున చెల్లి గుణదల నుంచి ఫోన్ చేస్తుంది.

"అన్నయ్యా, కాలు బాగానే ఉందా?"

"ఉందిలేవే, నువ్వేం భయపడకు" అంటాను.