కారు జాగాలో రాజక్క సైకిల్

మొన్న పొద్దున మా బజారు రోడ్డు మీద రంగు కాస్తున్న వాసన వచ్చింది. డ్రమ్ములో తెల్ల రంగును మంట మీద కరిగించి, పొగలు కక్కుతుండగానే తారు మీద పోస్తున్నారు. ఆ ఘాటుకు గొంతు పట్టుకుంది. దగ్గుతూనే వంగి చూశాను. రోడ్డు అంచున సైకిల్ బొమ్మ. ఇన్నేళ్లు సూరత్‌లో సైకిల్ తొక్కినందుకు మాకు దక్కిన బొమ్మ అది. ఇకమీదట ఈ రోడ్డు మీద రావచ్చు, పోవచ్చు. కార్లకు ఒక పక్క జాగా, సైకిళ్లకు ఒక పక్క దారి. "మాసీ, ఇంకా ఆరలేదు, తొక్కకు" అన్నాడు రంగు వేసే మనిషి. "ఇది గీసేలోపల ఒక మనిషి పోయింది నాయనా" అన్నాను. నేనన్నది తెలుగులో. అతనికి అర్థం కాలేదు, నాకూ అక్కర లేదు.

పోయిన మనిషి రాజక్క. సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల వెంట సూరత్ వచ్చి, లింబాయత్‌లో మా పక్క గదిలో ఉండేది. చీరల మార్కెట్‌లో సేఠ్ దగ్గర మూటలు తీసుకోవడం, ఇంట్లో కూర్చొని చీరల మీద వేలాడే దారాలు కత్తిరించడం, మడతపెట్టి తిరిగి ఇవ్వడం, ఇదీ మా గల్లీ ఆడవాళ్ల పని. మేమందరం షేరు ఆటోలో పోయేవాళ్లం. మూటకు కూడా మనిషి కిరాయి గుంజేవాడు ఆటోవాడు. రాజక్క మాత్రం గోచీ పెట్టి చీర కట్టి, వెనక మూట వేసుకొని సైకిల్ మీద పోయేది. నవ్వేవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వినదాన్నే. నా మగని మగ్గం బందయి, ఆ మూటల మీదనే పొయ్యి వెలగాల్సిన రోజు వచ్చాక నవ్వు మాని ఆమె దగ్గరికే పోయాను. అప్పటికే నలభై దాటాయి నాకు.

"నడుము ఇరుగుతదేమో అక్కా" అన్నాను.

"ఇరిగితే ఇంట్ల కూసొని దారాలు కత్తిరిద్దువు తియ్యి. ఎక్కు."

ఎక్కాను, పడ్డాను. ఆమె ఉరికొచ్చి ముందు సైకిల్‌ను లేపి చక్రం తిప్పి చూసింది. "దీనికేం కాలే. నువ్వు లేస్తవా, పంటవా?" అంది. నాకు అట్లా నేర్పింది. జాలి పడితే నేను ఆ రోజే ఇంటికి పోయి ఉండేదాన్ని. నన్ను చూసి గల్లీలో ఇంకొందరూ సైకిల్ ఎక్కారు.

రైలు పట్టాల కింది ఇరుకు దారి, ఇక్కడివాళ్ల మాటలో గర్నాల, దాటి ఈ బజారు రోడ్డు మీద నేరుగా పోతే మార్కెట్. ఒక రోజు ఉన్నట్టుండి దీన్ని వన్‌వే చేశారు. పోవచ్చు, మూటతో తిరిగి రావద్దు. తిరిగి రావాలంటే చుట్టూ తిరిగి పెద్ద వంతెన ఎక్కాలి. అక్కడ లారీ పక్కనుంచి పోతే ఆ గాలికే మూట ఊగి సైకిల్ పడిపోయేది. మా గల్లీ సావిత్రి పడి చెయ్యి విరగ్గొట్టుకొని పని మానేసింది. మూటలు ఆలస్యమైతే టెంపోవాడికి ఇస్తానని సేఠ్ బెదిరించడం మొదలుపెట్టాడు. టెంపోవాడు మొత్తం ఒకేచోట దించుతాడు. మా గల్లీకి రాడు, మా పని పోయినట్టే.

రాజక్క వంతెన ఎక్కనంది. మూటతో సైకిల్ దిగి, దాన్ని నడిపించుకుంటూ వన్‌వేకు ఎదురు నడిచింది. ఆమె వెనక నేను, నా వెనక మిగతావాళ్లు. ట్రాఫిక్ పోలీసు ఈల ఊదుకుంటూ వచ్చాడు. రాజక్క హిందీ సగం తెలుగే, అయినా ఆగేది కాదు.

"ఓ మాసీ! బోర్డు కనబడటం లేదా?"

"కనబడుతుంది సాబ్. చదవరాదు."

"ఇటునుంచి బండ్లు రావద్దని రాసింది!"

"బండి యాడొస్తుంది? నేనొస్తున్న. అది నా ఎంబడి వస్తుంది."

అతను నవ్వాపుకున్నాడు. అంతలో వెనక హారన్లు మోగాయి. "అయితే పక్కకు జరుగు" అని అరిచాడు.

"పక్కకు కార్లు పెట్టుకున్నరు. జాగ చూపియ్యి, జరుగుతా."

చూపించలేకపోయాడు. మేము నడిచాం. గర్నాల దాటాక రాజక్క ఆగి నా వైపు తిరిగింది. "గంగా, రేపటిసంది సాయంత్రం బడికి పో."

"ఈ వయసులనా? నువ్వే పోరాదు?"

"నాకు కండ్లు మసక. నీకేముంది, సాకులు తప్ప? మనిద్దర్ల ఒకదానికన్న రావాలె. వాడు బోర్డు చూపిస్తే సదివి మీద పడాలె."

పోయాను. బోర్డుల కోసం ముందు గుజరాతీ అక్షరాలు నేర్చుకున్నాను. పంతులమ్మ మన తెలుగామె కావడంతో తెలుగు తర్వాత వచ్చింది. చదువు గొప్పదని నేను పోలేదు. కోపంతో పోయాను. ఇప్పటికీ ఏది చదివినా ఆ కోపంతోనే చదువుతాను, ఎవరిని ఎక్కడ ఆపడానికి రాశారా అని.

తర్వాత రోడ్డుకు రెండు పక్కలా తెల్ల గీతలు గీసి పైసలకు పార్కింగ్ పెట్టారు. మాకు నడిచే జాగా కూడా పోయింది. ఒకరోజు ఎవరో కారు తలుపు చటుక్కున తెరిస్తే రాజక్క మూట మురికి కాలువలో పడింది. సేఠ్ ఆ చీరలు చూసి, ఇంకొక్కసారి ఇట్లా అయితే మూటలన్నీ టెంపోకే అన్నాడు.

మరునాడు రాజక్క మూటలతో వస్తూ పార్కింగ్ బోర్డు కింద ఆగింది. "సదువు" అంది. కూడబలుక్కొని చదివాను. వాహనాలు నిలపడానికి రుసుము అని ఉంది.

"కారు అని ఉన్నదా?"

"లేదక్కా."

"సైకిల్ వద్దని ఉన్నదా?"

"అదీ లేదు."

సైకిల్‌ను రెండు గీతల నడుమ సరిగ్గా మధ్యలో నిలబెట్టి స్టాండు వేసింది. పైసలిచ్చి చిట్టీ తీసుకుంది. మూట నీడలో కూర్చొని కత్తెర తీసి, "ఇంటికి తీస్కపోనియ్యకుంటె ఈడనే కత్తిరిస్తం. కూసోండ్రి" అంది. మేమూ ఒక్కొక్క కారు జాగాలో ఒక్కొక్క సైకిల్ పెట్టి కూర్చున్నాం. కారాయన వచ్చి "ఇది కార్ల జాగా" అంటే చిట్టీ చూపించింది. సేఠ్ వచ్చి "రాజీబెన్, నా గిరాకీ ఎక్కడ పెట్టాలి బండ్లు?" అని మొత్తుకుంటే, "వంతెన మీద పెట్టుమను సేఠ్, మమ్మల్ని ఆడికే పొమ్మన్నరు గద" అంది. రోజూ అదే. చివరికి దుకాణాలవాళ్లే మునిసిపాలిటీ అధికారిని పట్టుకొచ్చారు. ఆయన ఏం కావాలని అడిగాడు.

"పోనీకి ఒక తొవ్వ, రానీకి ఒక తొవ్వ. గంతే."

ఆయన తల ఊపి వెళ్లాడు. మా సైకిళ్లను ఎవరూ ఆపవద్దని మాత్రం చెప్పి వెళ్లాడు. మూటలు ఆగలేదు. రోడ్డు మారడానికి ఏళ్లు పట్టింది. పోయిన వానాకాలం జ్వరంతో రాజక్క పోయింది. ఉంటే ఈ బొమ్మ చూసి సంతోషపడేదని గల్లీలో అంటున్నారు. వాళ్లకు ఆమె తెలియదు. "సైకిల్ గీసిన్రు, మీద మనిషేది?" అని అడిగి ఉండేది.

నిన్న రంగు ఆరింది. మూటతో వస్తుంటే ఆ బొమ్మ మీదనే ఒక కారు నిలబడి ఉంది. పక్కనుంచి పోవచ్చు, జాగా ఉంది. పోలేదు. కారుకు అడ్డంగా సైకిల్ నిలబెట్టి స్టాండు వేశాను. కారాయన అద్దం దించి, "మాసీ, రెండే నిమిషాలు. నువ్వు ఎంతసేపు?" అన్నాడు.

"ఈ మూట అయ్యేదాక" అన్నాను. రాజక్క కత్తెర బయటికి తీసి మొదటి చీర విప్పాను.