పుస్తకంలో లేని అరుగు

ఒక వాక్యాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. అలసిపోయాను. నా పేరు అడగకండి. వినండి, చాలు.

మాది కూర్మన్నపాలెం విచారణ. ఒక గుడి కిందికి వచ్చే కతోలికులందరినీ కలిపి మేం విచారణ అంటాం. ఆ మాటకున్న రెండో అర్థం నాకు గుర్తొస్తూనే ఉంటుంది. నా మీద మాత్రం ఏ విచారణా జరగలేదు.

తొంభైల మొదట్లో మాకు గుడి లేదు. ఆదివారం పూజ చెప్పడానికి ఫాదర్ టౌన్ నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. పూజకు చోటు కావాలి. మా నాన్న ఉపదేశి, ఫాదర్ లేని రోజుల్లో ప్రార్థనలు నడిపించే మనిషి. అందరూ నాన్నకు ఉద్యోగంలో ఇచ్చిన మా క్వార్టరే అడిగారు. ఆఫీసులో ఏమంటారోనని నాన్న భయపడి కాదన్నాడు. అప్పుడు జంక్షన్ దగ్గర ఇడ్లీలు అమ్ముకునే ఆరోగ్యమ్మ అత్త తన అరుగు ఇచ్చింది. ఇడ్లీల బల్ల కడిగి, తెల్లచీర పరిచి, దాన్నే బలిపీఠం చేసింది. గుడి లేచేదాకా, మూడేళ్ళు, ఆదివారం పొద్దున్న ఆమె పొయ్యి వెలిగించలేదు.

గుడికి పదేళ్ళు నిండినప్పుడు చరిత్ర పుస్తకం వేశారు. తెలుగు బాగా రాస్తానని ఆ పని నాకప్పగించారు. అప్పటికి నాన్న పోయి నాలుగు నెలలు. "మొదటి పూజ ఉపదేశి గారింట జరిగింది" అని రాశాను. ఆరోగ్యమ్మ పేరు ఎక్కడా రాయలేదు. ఎందుకు? నాన్న మీద ప్రేమా? ఆయన భయపడ్డాడన్న సిగ్గా? లేక ఆ ఇంటి కొడుకునని నలుగురిలో అనిపించుకోవాలన్న ఆశా? ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా ప్రేమ పాలు తక్కువే కనిపిస్తుంది. తెలిసినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు తమ ఫోటోలు చూసుకుని పుస్తకం మూసేశారు.

అయినా నన్ను తినేది అది కాదు.

ఆ పదేళ్ళ పండుగ రోజు పూజ అయ్యాక ఆరోగ్యమ్మ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నా అరుగు మాట రాసినావేటి బాబూ?"

"రాసేనత్తా."

"అయితే ఓపాలి సదివి ఇనిపించు. నాకు సదువు రాదు కదా."

పేజీ తీశాను. నా అబద్ధం కింద వేలు పెట్టి, అక్కడ లేనిది చదివాను. "మొదటి పూజ ఆరోగ్యమ్మ గారి అరుగు మీద జరిగింది." గొంతు తడబడలేదు కూడా. ఆమె ఆ లైను తాకి, వేలు ముద్దు పెట్టుకుంది.

"గారు అని రాసినావా!" అని సిగ్గుపడుతూ నవ్వింది.

ఆ పేజీని ఇడ్లీలకు వచ్చినవాళ్ళకు చూపించేదట. ఎవరైనా సరిగ్గా చదివి చెప్పారా? తెలియదు. ఒకసారి పొట్లం చేతికిస్తూ నా మొహంలోకి కాసేపు చూసింది. ఆమె పోయినప్పుడు కూతురు ఆ పుస్తకాన్ని పెట్టెలో, ఆమె గుండెల మీద పెట్టింది. ఆ పెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్తూనే ఉన్నాను. నా కోపం గురించి చెప్పాను, చిల్లర అబద్ధాలు ఒప్పుకున్నాను. ఇదొక్కటి చెప్పలేదు. ఫాదర్ క్షమించేస్తారు. క్షమించాల్సింది ఆయనా?

మొదటి పూజ ఆరోగ్యమ్మ గారి అరుగు మీద జరిగింది. అప్పుడు చదివాను. రాయడం ఇదే మొదటిసారి.