కొరమీను విరిచిన గాలం

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది జూలైలో నన్ను బిలాస్‌పూర్ రైల్వే ల్యాబ్‌కు కెమికల్ అండ్ మెటలర్జికల్ సూపరింటెండెంట్‌గా బదిలీ చేశారు. హోదా పేరు పొడుగే గాని పని సూటిగా ఉంటుంది. విరిగిన స్ప్రింగు, అరిగిన చక్రం, నల్లబడ్డ ఇంజను ఆయిలు, ఏది వచ్చినా నమూనా తీసి పరీక్షించి, పనికొస్తుందో రాదో రాసి సంతకం పెట్టాలి. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే చేస్తున్నాను. నా సంతకం మీద నాకు గట్టి నమ్మకం ఉండేది.

క్వార్టర్ ఖాళీ లేక ఉస్లాపూర్‌లో ఒక మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాను. ఇంటివారు పైడిరాజు గారు, మెయిల్ బండ్లు నడిపి రిటైరైన లోకో పైలట్. వాళ్ళ తాతగారు విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పైడిరాజు గారికి ఇప్పుడు ఒకటే వ్యాపకం, ఫ్లైలు కట్టడం. ఫ్లై అంటే గాలం మీద కోడి ఈకలు, మేక వెంట్రుకలు, పట్టుదారం చుట్టి పురుగులాగానో చిన్న కప్పలాగానో కనిపించేలా చేసే ఎర. ఆయన కట్టిన కప్పకు రెండు రబ్బరు కాళ్ళు కూడా ఉండేవి. నీళ్ళలో వేస్తే అవి ఈత కొట్టినట్టే కదిలేవి.

నేను చేరిన నెలకే ఆయన కట్టడం మానేశారు. వరండాలో బల్లకు బిగించిన చిన్న పట్టుకారు ముందు ఊరికే కూర్చునేవారు. సంగతేమిటని ఆయన భార్య నూకరత్నం గారిని అడిగాను. వేరే ఊళ్ళో గాలం వేసే బృందం ఒకటి ఈయన కప్పలు చూసి ముచ్చటపడి రెండు డజన్లు కట్టమంది. ముందు మచ్చుకు పంపిన ఆరింటిలో నాలుగు, చేప పట్టి లాగగానే వంపు విచ్చుకొని సూదుల్లా సాగిపోయాయి. వాళ్ళు మర్యాదగానే రాశారట, మీ పనితనం గొప్పది, గాలాలే నిలబడలేదు అని.

"సర్వీసంతా ఒక్క రిమార్కు నేదమ్మా ఈయనకి. ఇప్పుడు రిటైరైనాక ఒచ్చింది," అన్నారావిడ.

ఉక్కు సంగతి కనుక నేను ఊరుకోలేకపోయాను. బుధవారీ బజారులో ఒక రకం, పోస్టులో రెండు రకాలు, మొత్తం మూడు ప్యాకెట్లు తెప్పించాం. మా అధికారిని అనుమతి అడిగితే ఆయన కాసేపు నవ్వి, డ్యూటీ అయ్యాక చూసుకోండి, రిజిస్టరులో మాత్రం శిక్షణ నమూనా అని రాయండి అన్నారు. రిజిస్టరులో లేని వస్తువు ల్యాబ్ బల్ల మీద ఉండకూడదన్నది ఆయన నియమం.

ఒక్కో ప్యాకెట్టు నుంచి మూడేసి గాలాలు తీసి, రెసిన్‌లో పోతపోసి, అద్దంలా మెరిసేదాకా రుద్ది, కాఠిన్యం కొలిచాను. వజ్రపు మొనతో లోహాన్ని నొక్కితే పడే గుంట ఎంత చిన్నదైతే లోహం అంత గట్టిది. బజారు రకం మెత్తగా తేలింది. ఆయన మచ్చుకు పంపి సాగిపోయినవీ ఆ రకం గాలాలే. పోస్టులో వచ్చిన వాటిలో ఒక రకం మిగతా రెండింటికంటే చాలా గట్టిది. దాన్నే వాడమని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. పైడిరాజు గారు దాన్ని రెండుసార్లు చదువుకొని చొక్కా జేబులో పెట్టుకున్నారు. మర్నాడు ఉదయానికే వరండాలో ఈకలు ఎగురుతున్నాయి.

ఆ రెండు డజన్లూ కట్టి పంపేముందు ఒకసారి నీళ్ళలో చూద్దామన్నారాయన. ఆదివారం ఉదయం బెల్తరా దగ్గర ఒక చెరువుకు వెళ్ళాం. దాన్ని పాటకు తీసుకున్న రైతు ఆయనకు పాత స్నేహితుడు. తామరాకుల అంచున ఆయన విసిరిన కప్ప పడింది, రెండుసార్లు కాళ్ళాడించింది, అంతే. నీళ్ళు బద్దలైనట్టు ఒక కొరమీను పైకి లేచింది. ఆయన చేతిలోని గాలపు రాడ్ విల్లులా వంగింది. ఆయన ముఖం వెలిగింది. మరుక్షణం దారం వదులైపోయింది.

పైకి లాగి చూస్తే కప్ప ఉంది, కాళ్ళున్నాయి, గాలం వంపు దగ్గర పుటుక్కున విరిగి ఉంది.

తిరుగు దారంతా స్కూటర్ వెనుక కూర్చొని ఆయన జేబులోని ఆ కాగితం గురించే ఆలోచించాను. ఇరవై తొమ్మిదేళ్ళలో నేను రాసిన కాగితం ఒకటి నా కళ్ళెదుటే విరగడం అదే మొదటిసారి. ఇంటి దగ్గర దిగాక క్షమించమన్నాను. ఆయన విరిగిన ముక్క నా చేతిలో పెట్టారు.

"నీ లెక్క తప్పు కాదమ్మా. అదెంత గట్టిదో సూసినావు. ఎంత ఓర్చుకుంటాదో సూడనేదు."

ఆ ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టాను. విరిగిన ముఖం ఉప్పురవ్వల్లా తళతళలాడుతోంది. అది పెళుసుగా విరిగిందనడానికి గుర్తు. ఉక్కును బాగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే గట్టిపడుతుంది, పెళుసుబారుతుంది కూడా. ఆ తరువాత తగినంత వేడి మీద మళ్ళీ కాస్త మెత్తబరచాలి. దాన్నే టెంపరింగ్ అంటారు. ఈ గాలాలకు అది సరిగా జరగలేదు. వ్యాగన్ బరువు మోసే స్ప్రింగుల విషయంలో ఈ మాట కొత్తవాళ్ళకు నేనే పాఠం చెప్పేదాన్ని. గాలం చిన్నది కదా అని ఆ పాఠం నాకే గుర్తు రాలేదు.

ఈసారి పరీక్ష మార్చాను. గాలం కాడను పట్టుకారులో బిగించి, మొనకు దారపు ఉచ్చు తగిలించి, పాత త్రాసు తూకపురాళ్ళు ఒక్కొక్కటే వేలాడదీశాను. బరువు తీశాక వంపు మళ్ళీ యథాస్థానానికి వస్తోందా లేదా అన్నదే ప్రశ్న. మెత్తవి తెరుచుకొని అలాగే ఉండిపోయాయి. గట్టివి విరిగాయి. నేను పట్టించుకోని మూడో రకం కొద్దిగా తెరుచుకుని, బరువు తీయగానే వెనక్కి వచ్చింది. దాని వంపును పక్కల నుంచి కొట్టి కాస్త చదును చేశారు, ఆ బలం కూడా ఉంది.

ప్యాకెట్టుకు మూడు చూశాం, చాలు అన్నాను. పైడిరాజు గారు ఒప్పుకోలేదు. "అచ్ఛా, బండి మొత్తానికి బ్రేకు సర్టిఫికెట్టు ఇస్తారు. అయినా బండి కదిపినాక నేను బ్రేకు ఏసి సూడకుండా ముందుకెళ్ళలేదు. చేప నోట్లోకి ఎల్లేది మూడు గాలాలు కాదమ్మా, ఒకటే."

ఆ రకంలో ప్రతి గాలాన్నీ పట్టుకారులో వంచి చూశాం. మొన పదును ఆయన బొటనవేలి గోరు మీద చూసేవారు. జారితే మొద్దు, గీరుకొని ఆగితే పదును. కొరమీను దవడ ఎముకలా ఉంటుంది కనుక మొద్దు మొన దిగదట. దారం కట్టే కన్నం పూర్తిగా మూసుకుందో లేదో పట్టుదారం అటూ ఇటూ లాగి చూసేవారు. దారానికి నూగు లేస్తే ఆ గాలం పక్కకు. వందలో ముప్పై దాకా పక్కకు పోయాయి. నూకరత్నం గారు టీ ఇస్తూ, మా ఇద్దరినీ చూసి, పెళ్ళిచూపులకి కూడా ఇంత సూడరు అన్నారు.

మళ్ళీ ఆదివారం ముగ్గురం బెల్తరా వెళ్ళాం. మొదటి అరగంటలోనే ఆయన మోచేయంత కొరమీనును గట్టుకు చేర్చారు. గాలం ఆకారం చెక్కుచెదరలేదు. తరువాత రాడ్ నా చేతిలో పెట్టారు.

నేను వద్దన్నాను, నాకు విసరడం రాదన్నాను.

"ఇసరడం నేను ఇసురుతాను. లాగడం నువ్వు లాగు. నీ గాలం బరువు నువ్వే సూడాల."

ఆయన విసిరిన కప్ప తామరాకుల మీద నుంచి నీళ్ళలోకి జారింది. పట్టుకున్న చేప చిన్నదే. కానీ ఆ లాగుడు భుజందాకా వచ్చింది. వదిలింది, మళ్ళీ గుంజింది, పక్కకు మెలి తిప్పింది. బరువును డయల్ మీద ముల్లు కదలికగా చూడడమే నాకు అలవాటు. అది ఇలా ఒక్కచోట నిలవకుండా ఈడుస్తుందని చేతికి తెలిసింది అప్పుడే. నేను పెద్దగా నవ్వుతున్నానని నూకరత్నం గారు చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆ మధ్యాహ్నం గట్టు మీదే పొయ్యి పెట్టి ఆవిడ పులుసు కాచారు. రైతు కూడా వచ్చి కూర్చున్నాడు.

రెండు డజన్లూ పంపిన మూడు వారాలకు ఆ బృందం నుంచి ఫోనులో సందేశం వచ్చింది. ఒక్కటీ సాగలేదు, ఇంకో నాలుగు డజన్లు కావాలి. నూకరత్నం గారు దాన్ని ఆయన చేత మూడుసార్లు చదివించుకున్నారు.

నేను రిటైరయ్యేవరకు ల్యాబ్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాను. నమూనా పంపే షెడ్ వాళ్ళు, ఆ వస్తువు ఎక్కడ పనిచేస్తుందో, దాని మీద బరువు ఎలా పడుతుందో రెండు వాక్యాలు రాయాలి. కొందరు విసుక్కున్నారు, రాశారు. అవి చదివాకే ఏ పరీక్ష చేయాలో నిర్ణయించేదాన్ని. పరీక్ష మనం అడిగినదానికే జవాబిస్తుంది. అడగవలసింది ఏమిటో ఆ వస్తువును వాడేవాడి దగ్గర తెలుసుకోవాలి.