గాలి తాగిన గోళీలు

తెనాలి దగ్గర, సంగం జాగర్లమూడి వెళ్ళే దారిలో ఉన్న ఒక గోడౌన్లో నేను స్టోర్సు చూస్తాను. బాపట్ల నుంచి రోజూ రైల్లో వెళ్ళి వస్తాను. మా దగ్గర ఉండేదల్లా ఒకటే సరుకు, అల్యూమినా గోళీలు. తెల్లగా, శనగగింజంత ఉంటాయి. ఎరువుల ఫ్యాక్టరీల్లో, నూనె శుద్ధి చేసేచోట రసాయన చర్య త్వరగా జరగడానికి ఉత్ప్రేరకం వాడతారు. దాన్ని పూతలా పట్టించడానికి ఒక ఆధారం కావాలి. ఆ ఆధారమే ఈ గోళీలు. మేం క్యారియర్ అంటాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మాట చెబితే మా ఆయన పగలబడి నవ్వారు. "క్యారేజీలో అన్నం పట్టుకెళ్ళి క్యారియర్‌కి కాపలా కాస్తావన్నమాట. బాగుందోయ్ నీ ఉద్యోగం!"

చూడ్డానికి గులకరాయిలా ఉంటుంది గానీ ఒక్కో గోళీ లోపలంతా కంటికి కనపడని బెజ్జాలే. గాలిలో ఏముంటే అది తాగేస్తుంది. తేమ తాగుతుంది, వాసన తాగుతుంది. అందుకే డ్రమ్ముల్లో మూత బిగించి, నేలకి తగలకుండా చెక్కల మీద, గోడకి ఎడంగా పెడతాం. మూత తియ్యనంత కాలం ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. తీసిన దగ్గర్నుంచీ వాటి ఆయుష్షు తరుగుతూ వస్తుంది. గోడౌన్లో ఫినాయిలు చల్లనివ్వరు, అగరొత్తి వెలిగించనివ్వరు. ఒకసారి మూత సరిగా పడని డ్రమ్ము పక్కన ఎవరో రంగు డబ్బాలు పెట్టారు. ఆ గోళీల్ని మళ్ళీ పనికి తెద్దామని కొలిమిలో వేడి చేస్తే షెడ్డంతా టర్పెంటైన్ వాసన కొట్టింది. వేడి తగిలితే తాగిందంతా బయటికి వదిలేస్తాయి. ఈ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు. మా ఇంట్లో అదే జరుగుతుందని మాత్రం ఊహించలేదు.

మా ఆయన బాపట్లలో టైలరు. కోట్లు కుట్టడంలో మంచి పేరుండేది. మావాళ్ళ పెళ్ళిళ్ళు చర్చిలోనే కాబట్టి పెళ్ళికొడుక్కి సూటు తప్పనిసరి. రేపల్లె, నగరం వైపు నుంచి కూడా కొలతలివ్వడానికి వచ్చేవారు. బాపట్లది సముద్రపు గాలి. వానాకాలం వస్తే బీరువాలో కుట్టి పెట్టిన కోట్లకి బూజు పట్టేది. మా గోడౌన్లో గడువు దాటి పక్కన పెట్టేసిన డ్రమ్ము ఒకటుంటే, మేనేజరు గారినడిగి కొన్ని గోళీలు తెచ్చిచ్చాను. ఆయన లైనింగు గుడ్డ ముక్కలతో అరచేతంత సంచులు కుట్టి, గోళీలు నింపి, కోట్ల మధ్య వేలాడదీశారు. మరి బూజు పట్టలేదు. ఏటా వానలు తగ్గాక ఆ సంచులు ఇంటికి తెచ్చేవారు. పెరట్లో పొయ్యి పెట్టి, గోళీల్ని మూకుట్లో వేయించి, చల్లారాక మళ్ళీ నింపిచ్చేదాన్ని. అప్పుడు ఏ వాసన వచ్చేదో నాకు గుర్తు లేదు. మనిషి పక్కనే ఉన్నప్పుడు ఎవరు గమనిస్తారు?

ఒక వేసవి మధ్యాహ్నం ఆయన కత్తిరింపు బల్ల మీద తల వాల్చారు. పక్క షాపువాళ్ళు కునుకు తీస్తున్నారనుకున్నారట. టీ పట్టుకొచ్చినతను తట్టి లేపబోతే లేవలేదు.

మాకు పిల్లలు లేరు. రేపల్లెలో కూతురి దగ్గరుండే మా అత్తయ్య, సమాధి చేసి వచ్చాక తిరిగి వెళ్ళనంది. నీటికాసుల జబ్బుతో ఆవిడ చూపు అప్పటికే దాదాపు పోయింది. వెలుతురు, చీకటి మాత్రం తెలుస్తాయి. "నువ్వొక్కదానివే ఏం ఉంటావమ్మా. నాకూ వాడు తిరిగిన ఇల్లే కావాలి" అంది. అలా ఇద్దరం మిగిలాం. షాపుకి తాళం వేశాను. తియ్యడానికి నాకు చేతులు రాలేదు.

మరుసటేడు వానల్లో భట్టిప్రోలు నుంచి ఒక పెద్దాయన వెతుక్కుంటూ వచ్చాడు. కొడుకు పెళ్ళి వాయిదా పడి మళ్ళీ కుదిరిందట. "మావాడి కోటు మీ షాపులోనే ఉండిపోయిందమ్మా. పాడైపోయుంటే పోనీలేండి, ఒకసారి చూస్తే చాలు" అన్నాడు. ఇక తియ్యక తప్పలేదు. ఇన్నాళ్ళు మూసున్న బీరువా తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. కోటు నిన్న కుట్టినట్టుంది. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తల మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆయన వెళ్ళాక, మిగతా కోట్లయినా నిలవాలి గదా అని సంచులన్నీ విప్పి ఇంటికి తెచ్చాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పని మొదలుపెట్టాను. పెరడంతా నీళ్ళు నిలిచాయి, అందుకని వంటింట్లోనే గ్యాసు మీద మూకుడు పెట్టాను. ఒక్క సంచి విప్పి గోళీలు పోశాను. ముందు ఆవిరి లేచింది. ఆ వెనక లవంగం వాసన.

బీడీలు మానేసినప్పటినుంచి ఆయన బుగ్గన ఎప్పుడూ లవంగం ఉండేది. లవంగం వెనకే కుట్టుమిషను నూనె, ఇస్త్రీపెట్టె కింద తడిబట్ట కాగే వాసన, వాటన్నిటి అడుగున ఆయన మెడ దగ్గరి చెమట. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ముందు గదిలోంచి అత్తయ్య పిలిచింది. "అమ్మాయ్, వాడొచ్చాడా?"

గరిటె మూకుట్లో వదిలేశాను.

"వానలో తడిసొచ్చుంటాడు, తువ్వాలియ్యి. కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చోమను."

పొయ్యి కట్టేసి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. బీరువాలో ఆయన కోట్ల దగ్గరున్న గోళీలు ఆ వాసన తాగాయని, వేడికి వదిలాయని, అంతకుమించి ఏం లేదని చెప్పాను. శ్రద్ధగా విన్నది. "అదంతా నాకు తెలీదమ్మా. వాడయితే వచ్చాడు" అంది. ఆ రోజు ఇంకాస్త అన్నం అడిగి పెట్టించుకుంది.

మరుసటి ఆదివారం చర్చి నుంచి రాగానే అడిగింది. "ఇవాళ వాణ్ణి పిలవ్వా?" వద్దనలేకపోయాను. ఇంకో సంచి విప్పాను. ఆ వాసన గదిలో ఉన్నంతసేపూ ఆవిడ కొడుకుతో మాట్లాడింది. రేపల్లెలో మా ఆడపడుచు ప్రహరీ గోడ ఎత్తు పెంచిన సంగతి, తన మోకాలి నొప్పి, చర్చిలో కొత్త పాస్టరు గారి గొంతు. మధ్యమధ్యలో ఆగేది. జవాబు విన్నట్టు తల ఊపేది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, ఆవిడ ఆగిన ప్రతిసారీ నేనూ చెవి ఒగ్గేదాన్ని.

ఒకసారి వేయించిన గోళీలో మళ్ళీ అది ఉండదు. సంచులు తరిగిపోతున్నాయి. నాకు భయం పట్టుకుంది. అవి అయిపోతాయని కొంత, నేనూ ఆదివారం కోసం ఎదురుచూస్తున్నానని ఇంకొంత. గోడౌన్లో కొత్త డ్రమ్ము సీలు తీస్తే ఏ వాసనా రాదు, రాకూడదు కూడా. ఆ ఏమీ లేని గాలిని పీలుస్తూ డ్రమ్ము మీదికి వంగి ఉండిపోయేదాన్ని. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది. కాజాలు కుట్టేటప్పుడు వెలుతురు కోసం ఆయన అలాగే తిప్పుకునేవారు. అత్తయ్య జరిపిందేమో. దాన్ని అలాగే ఉంచాను.

చివరికి ఒక్క సంచి మిగిలినప్పుడు ఇక విప్పకూడదనుకున్నాను. గాజు సీసాలో పెట్టి, మూత చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోసి, బియ్యం డబ్బా వెనక దాచాను. అయిపోయాయని అత్తయ్యతో చెప్పాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. అన్నం మాత్రం తగ్గించేసింది.

చలిగాలులు మొదలయ్యాక ఆవిడకి జ్వరం తగిలింది. మందులు వాడినా తగ్గలేదు. డాక్టరు గారు పెద్ద వయసు గదా, చెప్పలేనమ్మా అన్నారు. గంజి కూడా తాగకుండా గోడవైపు తిరిగి పడుకుంది. మూడో రోజు పొద్దున నా చెయ్యి వెతికి పట్టుకుంది. "నీ దగ్గర ఇంకోటుంది గదమ్మా. ఒక్కసారి పిలువు."

సీసా తీశాను. మైనం ఒక పక్కన సన్నగా చీలి ఉంది. ఈ గోళీకి అన్నిటికంటే నీళ్ళంటేనే మక్కువ. తేమ చొరబడిన కొద్దీ ముందున్నవాటిని బయటికి నెట్టేస్తుంది. గోడౌన్లో కొత్తగా చేరినవాళ్ళకి నేనే చెబుతాను ఈ మాట. అయినా మూకుడు పెట్టాను. ఆవిరి వచ్చింది. ఉత్త ఆవిరి. గోళీలు చిటపటలాడేదాకా చూశాను, మొహం మూకుట్లో పెట్టినంత దగ్గరగా వంగాను. ఏమీ లేదు.

ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళి ఎలా చెప్పాలా అని నిలబడ్డాను. అత్తయ్య మొహం నావైపు తిరిగి ఉంది. చూపు లేని కళ్ళు నా భుజం మీదుగా ఎటో నిలిచి ఉన్నాయి.

"వచ్చాడమ్మా" అంది, మెల్లగా.

"లేదత్తయ్యా. ఈసారి ఏం రాలేదు. సీసాలోకి గాలి పోయింది."

"నీ వెనకాలే నుంచున్నాడు. తిరక్కు. తిరిగితే పోతాడు."

తిరగలేదు. ఎంతసేపో తెలీదు, ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాను. నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజంగానే ఆవిడకి తెలిసిందో ఇప్పటికీ చెప్పలేను. నా వెనక మాత్రం గదిలో ఎవరో ఉన్నప్పుడు ఉండే నిశ్శబ్దం ఉంది.

ఆ సాయంత్రానికి ఆవిడకి జ్వరం జారింది. గంజి అడిగింది. క్రిస్మసు నాటికి నా చెయ్యి పట్టుకుని చర్చి దాకా నడిచింది. గోళీల మాట మళ్ళీ ఎత్తలేదు. మిగిలిన కోట్లు ఎవరివి వాళ్ళకి కబురు చేసి ఇచ్చేశాను. షాపులో ఇప్పుడెవరో ఫోన్లు బాగుచేస్తున్నారు.

ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరం వంటింట్లో చాప మీద కూర్చుని తింటాం. ఆవిడ కంచాన్ని కాస్త పక్కకి లాక్కుని, తనకీ నాకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదులుతుంది. మొదట్లో ఆ చోటులోంచే చెయ్యి చాపి కూర వడ్డించేదాన్ని. ఇప్పుడు లేచి, చుట్టూ తిరిగి వెళ్ళి వడ్డిస్తున్నాను.