పద్నాలుగు అంకెలు పట్టే గడి

చల్లపల్లిలో సైదావలి కుట్టేది ఒక్కటే. కూచిపూడి ఆడేవాళ్ల దుస్తులు.

అంతకుముందు చొక్కాలు కుట్టేవాడు. తొంభై మూడులో ఒక నాట్యం మాస్టారు పట్టుచీర తెచ్చి, తన శిష్యురాలికి కుచ్చుల పైజమా కుట్టిపెట్టమన్నారు. మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పాడు. పిల్ల నిలబడితే బాగానే ఉండేది, మోకాళ్లు వంచితే నడుము దగ్గర పట్టేసేది, కుచ్చులు విచ్చుకునేవి కావు. నాలుగోసారి ఆ పిల్లను నిలబెట్టి కొన్ని, మోకాళ్లు వంచమని కొన్ని, మొత్తం పద్నాలుగు కొలతలు తీశాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు ఆ పద్నాలుగూ లేకుండా కత్తెర పట్టలేదు.

రెండువేల ఎనిమిది నాటికి పల్లె దాకా వచ్చి కొలతలిచ్చేవాళ్లు తగ్గిపోయారు. నాట్యం పుణె వెళ్లింది, భోపాల్ వెళ్లింది. బెజవాడ వన్‌టౌన్‌లో డ్రస్సుల కొట్టు వెంకటకృష్ణారావు కారులో వచ్చాడు.

"సైదావలి గారూ, చిన్నది, మధ్యది, పెద్దది. మూడు సైజులు కుట్టి పడేయండి. ఎన్నయినా నేను తీసుకుంటా."

"అట్టా కుట్టనండీ."

"ఏం, వేసుకున్న పిల్లలు కేసు పెడతారా?"

"పెట్టరు. స్టేజీ మీద బిగుసుకుపోతారు."

కూతురు నజీరా బీకాం చదివి, బస్టాండు పక్కన నెట్ సెంటర్లో పని చేస్తోంది. "మనమే ఇంటర్నెట్లో కొట్టు పెడదాం నాన్నా" అంది. బొమ్మలు చూసి బుట్టలో వేసుకుని డబ్బు కట్టేదాన్ని షాపింగ్ కార్టంటారని, అది అద్దెకు దొరుకుతుందని చెప్పింది.

"సరే. కొలతలు అడగని కొట్టు మాత్రం నాకొద్దు" అన్నాడు. ఆ మాట ఆమె ఒక కాగితం మీద అన్నిటికన్నా పైన రాసుకుంది.

నెల రోజులు వెతికింది. బెజవాడ కంపెనీ ఒకటి కొలతలు రాయడానికి కావలసినన్ని గళ్లు పెట్టి కట్టిస్తామంది. ముప్పై వేలు. పరాయి దేశపు కార్టు ఇంకొకటి గళ్లు ఇస్తుంది గాని నెలనెలా డాలర్లు కట్టాలి, అమ్మినా అమ్మకపోయినా. మూడోది పది రకాల సరుకు వరకు ఊరికే ఇస్తుంది, అమ్మినప్పుడే కొంత తీసుకుంటుంది. వాళ్లకు తగినది అదే. కానీ దాంట్లో సైజులు మూడే. చిన్నది, మధ్యది, పెద్దది.

"వెంకటకృష్ణారావే కంప్యూటర్లో కూర్చున్నట్టుందే" అన్నాడు సైదావలి.

నజీరా నవ్వలేదు. "ఇది కాకపోతే ఇంకేదీ లేదు నాన్నా."

అతను కుర్చీ దగ్గరికి జరుపుకుని తెరంతా పైనుంచి కిందికి చూశాడు. "చివర ఈ ఖాళీ గడి ఏంటి?"

"అమ్మేవాళ్లకు ఏమన్నా చెప్పాలంటే రాయొచ్చు. వంద అక్షరాలే. నడుము ఇంత, మోకాలు ఇంత అని రాస్తే సగం కొలతలకే నిండిపోతుంది."

"పేర్లెందుకు? నేను కొలతలు చెబుతుంటే నువ్వెట్టా రాసేదానివి?"

నజీరా చేయి ఆగిపోయింది. చిన్నప్పటి నుంచి తండ్రి టేపు పట్టి చదువుతుంటే ఆమె రాసినవి అంకెలే. మెడ నుంచి చీలమండ దాకా వరుస ఎప్పుడూ ఒక్కటే. పక్కన పేరు రాయాల్సిన పని ఏనాడూ పడలేదు.

ఆ సాయంత్రం సైదావలి అట్టకాగితం మీద సుద్దతో మనిషి బొమ్మ గీశాడు. టేపు ఎక్కడ పట్టి ఎక్కడ విడవాలో ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు వేశాడు. నజీరా దాన్ని ఫోటో తీసి, ఆ వరుసలో అంకెలు మాత్రమే గడిలో రాయమని ప్రతి దుస్తు పక్కన పెట్టింది. పై మూడు సైజుల్లో రెండు తీసేసి, మిగిలినదాని పేరు "మీ కొలత" అని మార్చింది.

నలభై రోజులకు పుణె నుంచి మొదటి బేరం వచ్చింది. గడి నిండా అంకెలు, వరుస తప్పకుండా. నజీరా చదువుతుంటే సైదావలి నిలబడే విన్నాడు.

"పన్నెండో దాని నుంచి మళ్లీ చదువు."

"నడుము నుంచి మోకాలికి పందొమ్మిది. మోకాలి నుంచి చీలమండకు పదిహేడు. నడుము నుంచి చీలమండకు ముప్పై తొమ్మిది."

"మొదటి రెండూ కలిపితే ముప్పై ఆరేగా. ఈ పిల్లను ఎవరూ కొలవలేదు. తనే వంగి మోకాలు చూసుకుంది. వంగితే ముందువైపు టేపు తగ్గుతుంది. పక్కవాళ్ల చేత కొలిపించుకోమని రాయి."

"మొదటి బేరం నాన్నా. కోపమొచ్చి వెళ్లిపోతే?"

"పోనీ. పందొమ్మిదికి నేను కత్తిరించను."

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వచ్చింది. హాస్టల్లో ఉంటున్నాను, సెలవుల్లో తోడెవరూ లేక నేనే కొలుచుకున్నాను, ఇప్పుడు వార్డెన్ గారు కొలిచారు, ఇరవై రెండు. అంత దూరం నుంచి మీకెలా తెలిసింది?

నజీరా ఆ చివరి ముక్క రెండుసార్లు చదివి వినిపించింది. సైదావలి అప్పటికే పట్టు పరిచి, ఇరవై రెండు దగ్గర సుద్ద గీత గీస్తున్నాడు.

"ఏం రాయమంటావు?"

"పది రోజుల్లో అందుతుందని రాయి. వేసుకుని అద్దం ముందు ఊరికే నిలబడొద్దను. మోకాళ్లు వంచి చూసుకోమను."