నాలుగు రోజుల ఏడాది

ఆ రోజుల్లో సింగపూర్‌లో దిగిన ప్రతి తెలుగు కుర్రాడూ ప్రపంచాన్ని రక్షించడానికి వచ్చినట్టే నడిచేవాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని, ఏడాదిని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములన్నీ వెతికి నాలుగంకెలకు మార్చాలని మమ్మల్ని విమానాల్లో తెచ్చి దింపారు. సైన్స్ పార్క్‌లో నా పని అదే. (ఆ పనిలో నన్ను మించినవాడు లేడని కూడా అనుకునేవాణ్ణి. ఆ భ్రమ ఎలా పోయిందో చెబుతాను.)

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళే హాకర్ సెంటర్‌లో ఒక కర్నూలు అమ్మాయి పరిచయమైంది. పక్కనున్న యూనివర్సిటీలో ఖగోళశాస్త్ర పరిశోధన చేసేది. మా ఫ్లాట్‌లోవాళ్ళు ఆమెకు 'ఖగోళం' అని పేరు పెట్టారు. నేను పావుగంట ముందే వెళ్ళి, ఇక్కడి పద్ధతిలో టిష్యూ పొట్లం పెట్టి ఆమెకు కుర్చీ 'చోప్' చేసి ఆపి ఉంచేవాణ్ణి. ఆమె వచ్చి, ఎక్కడో దూరపు నక్షత్రం చుట్టూ తిరిగే ఒక గ్రహం సంగతి చెప్పేది. "మన గురుగ్రహం మాదిరే వట్టి వాయువప్పా. కానీ నక్షత్రాన్ని ఆనుకొని తిరుగుతాది. నాలుగు దినాల పైన రవ్వంతకే ఏడాది అయిపోతాది!" నేను గ్రహం గురించి విన్నది తక్కువ, ఆమె చేతులు తిప్పడం చూసింది ఎక్కువ.

అంతలో ఆమె పై చదువుకు చిలీ వెళ్ళిపోతోందని తెలిసింది. ఆమె అంటే నాకు ప్రాణమని ఈలోగా చెప్పాలి. నోటితో చెప్పే ధైర్యం ఏడిస్తేగా! అందుకని ఆ గ్రహం ఏడాదుల్లో ఆమె వయసు కట్టే ప్రోగ్రాం ఒకటి రాసి, పుట్టినరోజు కార్డు ప్రింటు తీశాను. అది చూసి ఆమె నవ్వితే, ఆ ఊపులో మాట బయటపెడదామని నా ఎత్తు. ఆఖరి భోజనం రోజే ఆమె పుట్టినరోజు కూడా, అప్పుడు అందించాను. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, దాన్ని చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివింది.

"నాకు డెబ్బై రెండేండ్లా?"

కార్డులోకి తొంగి చూశాను. రావలసింది రెండువేల డెబ్బై రెండు. వయసుకు నేను రెండంకెల చోటే ఇచ్చాను! ఏ తప్పును దిద్దడానికి సముద్రం దాటి వచ్చానో, సరిగ్గా అదే తప్పు నా చేత్తో చేశాను. ఆమె కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. పక్క బల్ల ఆంటీ "హూస్ బర్త్‌డే, ఆ?" అని ఆరా కూడా తీసింది.

నవ్వు ఆగాక ఆమె కార్డు మడిచి బ్యాగులో పెట్టుకుంది. "సరేగానీ, ఇంగేమన్నా చెప్పేదుందా?" అంది నెమ్మదిగా.

"ఉందండీ," అన్నాను. "తప్పెక్కడుందో దొరికింది. రేపు సరిచేసి ఇస్తాను."

"రేపు నేనుండను గదప్పా," అంది. బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

ఆమె అడిగింది ప్రోగ్రాం గురించి కాదని నాకు బస్సెక్కాక తెలిసింది. (ఇక్కడి బస్సు మన కోసం మధ్యలో ఆగదు, స్టాపు రావాల్సిందే.) దిగి వెనక్కి పరుగెత్తేసరికి మా బల్ల దగ్గర వేరేవాళ్ళెవరో నూడుల్స్ తింటున్నారు.

ఇన్నేళ్ళయినా ఆమె మీద బెంగ పోలేదు. అప్పటి నాలోని ఆ కుర్రాడి మీద మాత్రం కోపం రాదు, నవ్వొస్తుంది. నిజం చెప్పొద్దూ, ఇవాళ ఆమె ఎదురొచ్చి మళ్ళీ అదే మాట అడిగినా, ముందు ఆ రెండంకెల తప్పు ఎలా జరిగిందో వివరించడం మొదలుపెడతానేమోనని నా భయం.