బాల్‌రెడ్డి కారులో వూఫర్

మేడ్చల్‌లో మా ఇల్లు చర్చి సమాధుల గోడకు ఆనుకుని ఉండేది. ఆ గోడ మీదే మా అమ్మ బట్టలు ఆరేసేది. సమాధుల మధ్య గోలీలాడి పెరిగిన వాణ్ణి, దయ్యాలంటే నాకేం భయం ఉంటుంది? పెద్దయ్యాక కార్ల కరెంటు పని నేర్చుకున్నాను. హారన్ దానంతటదే మోగిందనీ, లైట్లు వాటంతటవే వెలిగాయనీ బెదిరిపోయి వచ్చేవాళ్లను చూస్తే నవ్వొచ్చేది. నా లెక్కలో దయ్యమంటే ఎక్కడో వదులైన వైరు. ఇప్పటికీ ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే లేచిపోతాను. అయినా ఈ ఒక్క సంగతి చాలా ఏళ్లుగా మోస్తున్నాను, ఇక మోయలేక రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్లకు జరిగింది. మేడ్చల్ హైవే పక్కన రేకుల షెడ్డులో కార్లకు స్టీరియోలు బిగించే దుకాణం నాది. శామీర్‌పేట వైపు పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. భూములమ్మినవాళ్లు ముందు కారు కొనేవాళ్లు, ఆ తర్వాత తిన్నగా నా దగ్గరికి వచ్చేవాళ్లు. అందరికీ ఒకటే సోకు. రోడ్డు మీద పోతుంటే పక్క ఇళ్ల కిటికీలు అదరాలి.

బాల్‌రెడ్డి అలా రాలేదు. ముప్పై అయిదేళ్లుంటాయి, తెల్ల చొక్కా, ప్లాట్ల బేరాలు చేయించే మనిషి. కొత్త కారు తెచ్చి, కంపెనీ స్టీరియో తీయొద్దు, దానికే వూఫర్, అంటే ఒళ్లు అదిరేలా కొట్టే పెద్ద స్పీకర్, కలపమన్నాడు. ఎంత మోత కావాలి అన్నా, అని అడిగాను.

"మోత నాకొద్దు తమ్మీ. మా అమ్మకు చెవులు వినరావు. పాట ఆమెకు ఒంటితోని తెల్వాలె" అన్నాడు.

తర్వాత తనే మెల్లగా చెప్పాడు. తండ్రి పోయి పన్నెండేళ్లయింది. అప్పట్నుంచి తల్లి అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. చెవుడు వచ్చింది కదా అందుకే అని ఊళ్లో అనుకుంటారు. కానీ కూతురితో మాట్లాడుతుంది, పక్కింటివాళ్లతో మాట్లాడుతుంది. కొడుకు పళ్లెం పెడితే తింటుంది, మందులిస్తే వేసుకుంటుంది, మాట మాత్రం లేదు. ఈమధ్య ఒక పెళ్లి ఊరేగింపులో పెద్ద పెద్ద స్పీకర్ల బండి పక్కనుంచి పోతుంటే ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని నవ్విందట.

"గా నవ్వు నా కారుల గూడ రావాలె. ఇయ్యాల నవ్వితే రేపు మాట్లాడ్తది గద!" అన్నాడు. చిన్నపిల్లాడిలా ఆశపడుతున్న ఆ మొహం చూస్తే నాకు జాలేసింది.

అందుకే ఆ పని మనసు పెట్టి చేశాను. కంపెనీ స్టీరియోలో వూఫర్ కోసం వేరే లైను ఉండదు. వెనక స్పీకర్ల వైర్ల నుంచి పాటను తీసి, చిన్న డబ్బా గుండా ఆంప్లిఫయర్‌కు ఇచ్చాను. దానికి కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా లాగి, బానెట్ కింద ఫ్యూజు పెట్టాను. ప్లైవుడ్ పెట్టె ఒకటి చేయించి డిక్కీలో బిగించాను. మామూలుగా వూఫర్ మొహం వెనక్కి ఉంచుతాం. నేను దాన్ని సీటు వైపు తిప్పాను, దెబ్బ నేరుగా ఆమె వీపుకు తగలాలని. ఆ తెలివి నాదే. దానికి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

నాలుగు రోజులకు బాల్‌రెడ్డి మళ్లీ వచ్చాడు. స్టీరియో బంద్ చేసినా వూఫర్ డుగ్గు డుగ్గుమంటోందన్నాడు. ఎర్త్ సరిగా తగలకపోతే అలాంటివి వస్తాయి. రంగు గీకి, బోల్టు మార్చి పంపాను. వారానికి మళ్లీ వచ్చాడు. ఈసారి వైర్లన్నీ విప్పి మళ్లీ వేశాను. నా షెడ్డులో ఎంతసేపు నడిపినా చప్పుడే లేదు.

మూడోసారి వచ్చినప్పుడు మనిషి పీక్కుపోయి ఉన్నాడు. చప్పుడు ఒకే ఒక్కచోట వస్తోందట. శామీర్‌పేట దగ్గర, అతని పొలం ప్లాట్లుగా మారిన చోట. "ఏదో వైరు వల్లనే గద తమ్మీ? వైరే అని చెప్పు" అని రెండుసార్లు అడిగాడు. వైరే అన్నా అని గట్టిగా చెప్పాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఆ తర్వాతి సోమవారం మధ్యాహ్నం తల్లిని కీసరగుట్ట గుడికి తీసుకుపోతూ నన్నూ ఎక్కించుకున్నాడు. ముందు సీట్లో నేను, వెనక ఆమె. బక్కపలచని మనిషి, నుదుట బొట్టు లేదు, చేతిలో కొబ్బరికాయల సంచి. పాట పెట్టాడు. ఆమె వీపు సీటుకు ఆనించి కూర్చుంది. నవ్వలేదు కానీ, అరచెయ్యి సీటు మీద పరిచి పెట్టుకుంది. బాల్‌రెడ్డి రోడ్డు కంటే అద్దంలోకే ఎక్కువ చూస్తున్నాడు.

ప్లాట్ల దగ్గరికి రాగానే పాట కింద ఇంకో చప్పుడు మొదలైంది. నేను స్టీరియో బంద్ చేశాను. పాట ఆగింది, చప్పుడు ఆగలేదు. డుగ్, డుగ్, డుగ్, డుగ్. తొందరలేని దెబ్బ. కారు ఆపించి, తాళంచెవి తీయించాను. బయట జనరేటర్ ఏమైనా ఉందేమోనని దిగి చూశాను. ఎర్రమట్టి, పసుపు రంగు వేసిన హద్దురాళ్లు, అంతే. కనుచూపు మేరలో మనిషి లేడు.

బానెట్ ఎత్తి ఫ్యూజు పీకేశాను. ఆంప్లిఫయర్ లైటు ఆరిపోయింది. చప్పుడు ఆగలేదు. డిక్కీ తెరిచి పెట్టెకు పోయే రెండు వైర్లూ ఊడదీశాను. ఇక ఆ పెట్టెకూ కారుకూ ఏ సంబంధమూ లేదు. సీటుకూ పెట్టెకూ మధ్య సందులోకి చెయ్యి దూర్చి వూఫర్ మీద అరచెయ్యి పెట్టాను. అది నా చేతిని తోస్తోంది. ఒక్కో దెబ్బకూ ఒక్కో తోపు. భయపడ్డానని చెప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గు లేదు.

అప్పుడు ఆమె మాట్లాడింది. చెవిటివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా, బొంగురుగా.

"ఇంజన్ బంద్ జెయ్యి కొడకా. మీ నాయిన బాయిల ఉన్నడు."

బాల్‌రెడ్డి తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తాళంచెవి అతని చేతిలోనే ఉంది. దాని వైపు చూసుకున్నాడు, నా వైపు చూశాడు. ఏది బంద్ చెయ్యాలో అతనికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

"జల్దీ బంద్ జెయ్యి! పొగ నిండుతాంది!" అని ఆమె అరిచింది.

అతను ప్లాట్లలోకి పరుగెత్తాడు. ఒక రాయి దగ్గర ఆగి, ఇంకో రాయి దగ్గరికి పోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు. అంతా చదును చేసేశారు, బావి ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోతున్నాడని నాకు తర్వాత అర్థమైంది. చివరికి ఒకచోట మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ మట్టిలో పెట్టాడు. కాసేపటికి నా చెయ్యి కింద దెబ్బ తగ్గింది. ఒకటి, కొంచెం ఆగి ఇంకొకటి. తర్వాత లేదు.

తిరిగొచ్చాక రోడ్డు పక్కన కూర్చుని అతనే చెప్పాడు. ఈ ప్రాంతంలో అప్పట్లో నీళ్లు అడుగంటితే, డుగ్గు డుగ్గుమని కొట్టుకునే ఆయిల్ ఇంజన్‌నే బావిలోకి దించి, మధ్యలో గట్టు మీద పెట్టి నడిపేవాళ్లు. అలా దించాక పొగ పైకి పోయే దారి ఉండదు.

"నాయిన కింద పూడిక తీస్తుండె. పావుగంటకోసారి దిగి ఇంజన్ బంద్ జెయ్యమన్నడు. అమ్మ ఇంటికి పోయేటప్పుడు గూడ చెప్పింది. గిదే మాట తమ్మీ, గిట్లనే చెప్పింది. నేను దోస్తులతోని టేప్ రికార్డర్ పెట్టుకొని రోడ్డు మీద కూసున్న. పాటల యావల యాది మర్సిన. నేను వచ్చేవరకు అయిపోయింది. ఇంజన్ ఎప్పుడో బంద్ జేసిననని, నాయిన కాలు జారి పడ్డడని ఊరంత జెప్పిన."

తల్లికి నిజం తెలిసిపోయింది, అయినా ఆ అబద్ధాన్ని ఎవరి ముందూ కాదనలేదు. కొడుకును కాపాడుకుంది. అతనితో మాట్లాడటం మాత్రం మానేసింది.

ఆ రోజు కీసరకు పోలేదు. ఆమె కారు దిగి వచ్చి, కొంగుతో అతని మొహానికంటిన మట్టి తుడిచింది. "ఇంటికి పోదాం పా. పొద్దటిసంది ఏం తినలే నువ్వు" అంది. అతను దారంతా ఏడుస్తూనే నడిపాడు. ఇంటికి చేరేదాకా ఆమె ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది, వానల గురించి, కూతురి పిల్లల గురించి.

తర్వాత అదే రోడ్డు మీద అదే కారులో పదిసార్లయినా తిరిగాను. వైర్లు కలిపీ, తీసేసీ చూశాను. ఏమీ రాలేదు. ఇంజన్ దెబ్బ ఆమెకు తగలనే లేదేమో, పాట అదురుకే పాత రోజు గుర్తొచ్చిందేమో అని నన్ను నేను సమాధానపరచుకోవాలని చూశాను. కానీ వైర్లు ఊడిన వూఫర్ తోసింది నా చేతిని.

మట్టిలో చేతులు పెట్టి ఏం చేశావన్నా అని ఒకసారి బాల్‌రెడ్డిని అడిగాను. "ఏం జెయ్యలే. బంద్ జేసిన, నాయినా, ఇగ పైకి రా అన్న. గంతే" అన్నాడు.

ఆ చప్పుడు ఎలా వచ్చిందో చెప్పడానికి ఎప్పటికైనా నాకన్నా తెలిసిన మెకానిక్ దొరుకుతాడేమో. అది ఆగింది మాత్రం అతను ఆ మాట అన్నాకే.